పెద్దలకిచ్చిన తావు

పెన్నేటి ఎగువ సీమ చరిత్ర: 11వ భాగం

పావగడ తాలూకా నాగలమడికె హోబళిలో రాయచెర్లు ఒక ఊరు. జిల్లా తుమకూరు, రాష్ట్రం కర్ణాటక, ఇంట్లో మాట తెలుగు. పటం ముందు పెట్టుకుని చూస్తే పావగడ ఆంధ్ర నేలలోకి చొచ్చుకొచ్చి, తన జిల్లాకు తానే దూరమైనట్టుంటుంది. ఈ ఊరి పేరు ఈమధ్య బయటివాళ్ళకు తెలిసింది ఎండ వల్ల. తిరుమణి, బళసముద్రం, వళ్ళూరు, క్యాతగానచెర్లు, రాయచెర్లు, ఈ ఐదూళ్ళ మెట్టపొలాల్లో సుమారు 13,000 ఎకరాల మీద సౌర పలకలు పరిచారు. 2019 డిసెంబరుకల్లా 2,050 మెగావాట్ల కేంద్రం పూర్తయింది. ఆ పొలాల్ని ప్రభుత్వం కొనలేదు. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలతో మొదలుపెట్టి, 28 ఏళ్ళకు కౌలుకు తీసుకుంది. పట్టా రైతు పేరు మీదే ఉంది.

చరిత్ర వ్యాసంలో కౌలు లెక్కలెందుకని పాఠకులు అడగవచ్చు. ఈ సీమలో చాలా కులాలవాళ్ళు తమ పెద్దల్ని సొంత పొలంలోనే, గట్టువారనో చింతచెట్టు కిందనో పూడ్చుకుంటారు. పొలం అమ్మడమంటే తాతను పూడ్చిన మన్ను అమ్మడమే. పొలం అమ్మకానికి వచ్చినప్పుడు, పెద్దల గుంత ఉన్న రెండు సెంట్లు మాత్రం మినహాయించుకుంటామని బేరంలో పట్టుబట్టే కుటుంబాలు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. చనిపోయినవాళ్ళు ఎక్కడికి పోతారన్న ప్రశ్నకు పురాణాలు ఒక సమాధానం చెబుతాయి. ఈ నేలమీది మనుషులు మూడువేల ఏళ్ళుగా ఇంకో పని చేస్తూ వచ్చారు. పోయినవాళ్ళు ఏ లోకానికి పోయినా, ఈ లోకంలో వాళ్ళకొక తావు చూపించారు. ఈ భాగం ఆ తావుల గురించి.

ఇప్పటికీ కంటికి కనిపించేవాటిలో పాతవి రాతి గూళ్ళు. కల్యాణదుర్గం దగ్గర ముదిగల్లులో నాలుగు బండలు నిలబెట్టి, పైన ఒక పెద్ద బండ కప్పిన గదులు చాలా కనిపిస్తాయి. ఇలాంటివాటిని తెలుగునాట రాకాసి గుళ్ళనీ, పాండవ గుళ్ళనీ అంటారు. అంత బరువైన బండలెత్తడం మామూలు మనుషుల వల్ల కాదనుకుని, ఆ పనిని రాక్షసులకో భీముడికో అప్పగించారు మనవాళ్ళు. నిజానికి అవి ఇనుము కరిగించడం నేర్చిన రైతుల, పశుపాలకుల సమాధులు.

వాటి లోపలి సంగతి బాగా తెలిసింది బ్రహ్మగిరిలో. రాయచెర్లుకు వాయవ్యాన, రాయదుర్గం అవతల, చిత్రదుర్గ జిల్లా మొళకాల్మూరు తాలూకాలో ఉన్న కొండ అది. పురావస్తు శాఖ డైరెక్టర్ జనరల్‌గా ఉన్న మార్టిమర్ వీలర్ 1947లో అక్కడ తవ్వించాడు. బండలతో కట్టిన గది, చుట్టూ రాళ్ళ వలయం, తూర్పు బండకు గుండ్రటి కంత. లోపల నలుపూ ఎరుపూ కలిసిన కుండలు, ఇనప పనిముట్లు, మనుషుల ఎముకలు. ఆ ఎముకలు ఒక అస్థిపంజరంలా వరసగా లేవు. శవాన్ని ముందు వేరేచోట ఉంచి, మాంసం కరిగాక ఎముకలు ఏరి తెచ్చి ఇక్కడ దాచారన్నమాట. చావు ఒక్కరోజులో అయిపోయే సంగతి కాదని, రెండు మజిలీలున్న ప్రయాణమని వాళ్ళు నమ్మి ఉండాలి. తూర్పు కంత ప్రాణం వెళ్ళిపోవడానికో, తిండి లోపలికి అందించడానికో, కొత్త ఎముకలు పెట్టడానికో పండితులు ఇంకా తేల్చలేదు. ఆ కుండల వరస చూసినప్పుడు నాకు రెండోదే నిజమనిపిస్తుంది. ఆకలి తీరదని భయపడ్డవాళ్ళే అన్ని కుండలు పెడతారు.

అదే బ్రహ్మగిరిలో ఇంతకన్నా పాతకాలంలో, ఇనుము రాకముందు, రాతిగొడ్డళ్ళతో బతికిన జనం పసిబిడ్డలు పోతే మట్టికుండలో ముడిచి పెట్టి పూడ్చారు. అమ్మ కడుపులో ఎలా ఉన్నాడో అలాగే మన్ను కడుపులో పెట్టారని ఒక అభిప్రాయం. పెద్దవాళ్ళను దహనం చేసే ఇళ్ళలో కూడా పసివాళ్ళను పూడ్చే ఆచారం నేటికీ మనలో ఉంది.

ఈ సమాధులున్న కొండ దాపునే ఒక బండమీద అశోకుడి శాసనం ఉంది. బి.ఎల్. రైస్ దాన్ని 1892లో లోకానికి చూపించాడు. క్రీ.పూ. 3వ శతాబ్దిలో, సువర్ణగిరి నుంచి రాకుమారుడు ఇసిలలోని మహామాత్రులకు పంపిన ఆజ్ఞ అది. ఈ సీమలో స్వర్గం అన్న మాట మొదట రాతకెక్కింది అక్కడే. శ్రమ పడితే గొప్పవాళ్ళే కాదు, చిన్నవాళ్ళు కూడా స్వర్గం పొందవచ్చని అశోకుడు చెప్పించాడు. తల్లిదండ్రుల మాట వినాలి, ప్రాణులపట్ల దయ ఉండాలి, నిజం చెప్పాలి అని దారి కూడా చూపాడు. బతికి ఉండగా ఎలా నడుచుకున్నావన్నదే పరలోకానికి కొలత. ఆ తరవాత వెయ్యేళ్ళకు ఈ కొలత ఎంత మారిపోయిందో చూడాలంటే వీరగల్లు ముందు నిలబడాలి.

చనిపోయినవాడి రూపం చెక్కి రాయి నిలిపే పద్ధతికి తెలుగు నేలమీద పాత ఆనవాళ్ళు నాగార్జునకొండలో ఉన్నాయి. 3వ శతాబ్దిలో ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 20వ పాలనా సంవత్సరంలో, అతని తండ్రి శాంతమూలుడి పేర ఆ ఇంటి ఆడవాళ్ళు, తల్లులూ తోబుట్టువులూ భార్యలూ కలిసి ఛాయాస్తంభం ఎత్తించారు. రాజులకే కాదు, సేనానులకూ అలాంటి స్తంభాలున్నాయి. ఆ దారి దక్షిణాదిన విస్తరించి, 8వ శతాబ్ది నుంచి 11వ శతాబ్ది దాకా మన ఎగువ పెన్నేటి సీమలో వీరగల్లుగా స్థిరపడింది.

అప్పుడీ సీమ నొళంబుల ఏలుబడిలో ఉంది. నొళంబవాడి ముప్పైరెండు వేలు అని శాసనాల్లో దాని పేరు. రాజధాని హెంజేరు, అంటే ఇప్పటి హేమావతి, శ్రీ సత్యసాయి జిల్లా అమరాపురం మండలం. పావగడకు నైరుతిలో ఉంటుంది. దక్షిణాన గాంగులు, ఉత్తరాన రాష్ట్రకూటులు, తూర్పున బాణులు. ఎటు చూసినా సరిహద్దులే కాబట్టి చావులూ ఎక్కువే. వాన తక్కువైన ఈ మెట్టనేలలో సంపదంటే పశువులు. పక్క సీమవాళ్ళు రాత్రికి రాత్రి వచ్చి మంద తోలుకుపోతే ఊరు బతకడం కష్టం. మందను వెనక్కి తేబోయి చచ్చినవాడు, ఊరిమీద పడ్డ దండును అడ్డుకుని చచ్చినవాడు, ఆడవాళ్ళమీద చేయి వేసినవాళ్ళను ఎదిరించి చచ్చినవాడు, వీళ్ళకే రాళ్ళు లేచాయి. తురుగోళ్, ఊరళివు, పెణ్‌బుయ్యల్ అని ఆనాటి కన్నడ శాసనాలు ఈ మూడు రకాల చావుల్నీ వేరువేరుగా పేర్కొన్నాయి.

ఈ రాతిని కింది నుంచి పైకి చదవాలి. కింది అరలో పోరు. వీరుడు విల్లెక్కుపెట్టి గానీ కత్తి దూసి గానీ ఉంటాడు, పక్కన ఆవుల మంద, కాళ్ళకింద పడినవాళ్ళు. నడిమి అరలో అతన్ని ఇద్దరు అప్సరసలు చెరో భుజం పట్టి పైకి తీసుకుపోతుంటారు, వింజామరలు వీస్తుంటారు. పై అరలో శివలింగం, నంది, అర్చకుడు. వీరుడు చేతులు జోడించి కూర్చుని ఉంటాడు. అన్నిటికన్నా పైన సూర్యుడూ చంద్రుడూ. జైనుడైతే లింగం తావున జినుడు కూర్చుంటాడు. అరలు అన్ని రాళ్ళకూ మూడే ఉండవు. కొన్నిటికి ఒకటే, కొన్నిటికి ఎక్కువ. కానీ చెప్పేది ఒకటే. గెలిస్తే సిరి, చస్తే స్వర్గంలో దేవకన్య అన్న నమ్మకం. అశోకుడి బండమీద దయతో దొరికిన స్వర్గం ఇక్కడ కత్తివాదరకు దొరుకుతోంది. మధ్యలో యముడు లేడు, చిత్రగుప్తుడి లెక్క లేదు, వైతరణి దాటే పని లేదు. ఒక్క క్షణపు తెగువ జీవితమంతటి పాపాన్నీ తుడిచేస్తుంది. రాజుకు ఇది ఎంత అక్కరకొచ్చే నమ్మకమో వేరే చెప్పనక్కర్లేదు. అయితే మంద కాపరి కొడుక్కి కూడా రాజుతో సమానంగా కైలాసంలో చోటు ఇచ్చిన నమ్మకం కూడా ఇదే. ఆ కాలంలో గుడిలో అతని బొమ్మ ఎక్కడా చెక్కేవాళ్ళు కాదు. ఊరి పొలిమేరలో మాత్రం చెక్కారు.

ఇక్కడ చాలామంది చూసీ చూడకుండా వదిలేసే భాగం రాతి అంచున ఉన్న రాత. స్వర్గం సంగతి బొమ్మల్లో చెప్పి, రాతలో భూమి సంగతి చెప్పారు. చచ్చినవాడి కుటుంబానికి ఇంత మడి, ఇంత చేను ఇస్తున్నామని. కన్నడ శాసనాల్లో దాన్ని కల్నాడనీ, నెత్తరుగొడగె అనీ అన్నారు. నెత్తుటికి బదులు ఇచ్చిన మాన్యం అది. దానికి అడ్డొచ్చినవాడు కాశీలో ఆవును చంపిన పాపాన పోతాడని శాపం కూడా చేర్చేవాళ్ళు. అంటే వీరగల్లు ఒక మొక్కుబడి బొమ్మ కాదు, అందరూ చూసేచోట నిలబెట్టిన పట్టా. రాయి పోతే భూమి మీద హక్కూ పోతుంది. అందుకే ఆ వారసులు దాన్ని కాపాడుకున్నారు, పసుపు రాశారు, ఏటా కోడి కోశారు. భక్తీ హక్కూ ఒకే రాతిమీద కలిసి ఉన్నాయి. భక్తిని తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. ప్రాణం ఇచ్చినవాడి బిడ్డలు పస్తుండకూడదని ఊరు అనుకోవడంకన్నా పెద్ద శ్రాద్ధం నాకు తెలియదు.

బేగూరు రాయి దీనికి గొప్ప సాక్ష్యం. బెంగళూరు పక్కన బేగూరులో దొరికి, ఇప్పుడు బెంగళూరు ప్రభుత్వ సంగ్రహాలయంలో ఉంది. సుమారు 1,100 ఏళ్ళ కిందటిది. గాంగరాజు ఎరెయప్ప తన సామంతుడు నాగత్తరుణ్ణి అయ్యపదేవుడికి సాయంగా వీరమహేంద్రుడి మీదికి పంపాడు. ఈ అయ్యపదేవుడు మన హెంజేరు నొళంబ రాజేనని చరిత్రకారులు గుర్తించారు. తుంబెపాడి దగ్గర సేన చెదిరిపోయింది. నాగత్తరుడు ఏనుగుల గుంపులోకి చొరబడి చచ్చిపోయాడు. రాతి నిండా ఏనుగులు, గుర్రాలు, తెగిపడ్డ మనుషులు. వీరగళ్ళలో ఇంత కిక్కిరిసిన యుద్ధం చెక్కిన రాళ్ళు అరుదు. వార్త విన్న ఎరెయప్ప ఏం చేశాడో శాసనం చెబుతుంది. నాగత్తరుడి పట్టాన్ని ఇరుగుడు అనేవాడికి కట్టి, బెంపూరు పన్నెండూళ్ళను కల్నాడుగా ఇచ్చాడు. ఆ బెంపూరే బేగూరు. ఆ పన్నెండూళ్ళలో కొన్ని ఇవాళ బెంగళూరు పేటల్లో కలిసిపోయాయి.

ఇంకొకటి ఆతకూరు రాయి. మండ్య జిల్లా, 949-950 నాటిది. తక్కోలం యుద్ధంలో రాష్ట్రకూట మూడో కృష్ణుడు చోళుల్ని ఓడించాక, గాంగరాజు బూతుగుడు తన వీరుడు మణలేరుణ్ణి ఏం కావాలో కోరుకొమ్మన్నాడు. మణలేరుడు ఊళ్ళు అడగలేదు. కాళి అనే వేటకుక్కను అడిగాడు. ఆ కుక్క ఒక అడవిపందితో పోరాడింది, రెండూ చచ్చిపోయాయి. కాళికి రాయి నిలిపి, ఆ రాయి పూజకు భూమి ఇచ్చారు. ఆ మాన్యం అనుభవించే గొరవడు, అంటే శైవ పూజారి, రాతికి పూజ చేయకుండా అన్నం తింటే కుక్క చేసిన పాపం అతనికి చుట్టుకుంటుందని శాసనం. పోయిన ప్రాణి కుక్కే అయినా, దాని పేర భూమి తినేవాడు ముందు దానికి పెట్టి తరవాత తాను తినాలి. పెద్దల అమాసనాడు మన ఇళ్ళలో పెద్దలకు పెట్టనిదే పిల్లలకు కూడా అన్నం వడ్డించకపోవడంలో ఉన్న నియమం అచ్చంగా ఇదే.

వీరుల్ని తలచుకునే పెద్ద పండగ తెలుగునాట ఇప్పటికీ నడుస్తున్నది కారంపూడిలో. కార్తీక అమావాస్యతో మొదలై ఐదు రోజులు, రాచగావు నుంచి కల్లిపాడు దాకా, 12వ శతాబ్దపు పల్నాటి పోరును మళ్ళీ జరుపుతారు. వీరుల ఆయుధాలను మోసుకొచ్చే ఆచారవంతులు ఎన్ని ఊళ్ళ నుంచి వస్తారో చూస్తే, చచ్చినవాళ్ళకు ఇంత పెద్ద చుట్టరికం ఉంటుందా అనిపిస్తుంది. మనవైపు శిరా, చిత్రదుర్గ ప్రాంతాల కాడుగొల్లలకు జుంజప్ప అలాంటివాడు. పశువుల్ని మేపి, తనవాళ్ళ పగకు బలై, దేవుడైనవాడు. గణె అనే పొడుగాటి వెదురు పిల్లనగ్రోవి ఊదుతూ అతని కథ పాడతారు. అతనికి ఒక భాగమంతా కేటాయించాలి కాబట్టి ఇక్కడ ఆపుతున్నాను.

వీరగల్లు పక్కనే చాలాచోట్ల ఇంకో రాయి ఉంటుంది. ఒక స్తంభం, దానిలోంచి బయటికొచ్చిన ఒక చెయ్యి. మోచేయి వంచి అరచెయ్యి పైకెత్తి, నిండా గాజులు, వేళ్ళ మధ్య నిమ్మకాయ. అది మాస్తికల్లు, భర్త చితిలో కాలిపోయిన ఆడమనిషి గుర్తు. ఆమె ముత్తైదువగానే పోయిందని చెప్పడానికే ఆ గాజులు. మగవాడి రాతిమీద మనిషంతా ఉంటాడు, ఆడదాని రాతిమీద చాలాసార్లు చెయ్యి మాత్రమే మిగులుతుంది. మొహం ఎలా ఉండేదో ఎవరికీ అక్కర్లేకపోయింది. ఆ చెయ్యిని నేను ఆశీర్వాదంగా చూడలేను.

మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటె తాలూకా బెళతూరులో 1057 నాటి శాసనం ఒకటుంది. దేకబ్బె అనే స్త్రీ, భర్త ఏచుడు చోళరాజు చేతిలో మరణశిక్ష పొందాడని విని అగ్నిలో దూకబోయింది. తల్లీ తండ్రీ కాళ్ళావేళ్ళా పడ్డారు. ఆమె వినలేదు. ఉన్నదంతా దానం చేసి వెళ్ళిపోయింది. ఆ రాయి ఎత్తించినవాడు ఆమె తండ్రి రవిగ. కవిత్వం నిండిన శాసనమే, కానీ ఆ తల్లిదండ్రుల బతిమాలింపును దాచకుండా చెక్కించినందుకు ఆ తండ్రికి దణ్ణం పెట్టాలి. సతి వెనక ఇంట్లో ఏం జరిగేదో చెప్పే రాళ్ళు మనకు చాలా కొద్ది.

మన దగ్గర ఈ కథకు పెద్ద చెట్టే సాక్షి. కదిరి అవతల గూటిబయలులో తిమ్మమ్మ మర్రిమాను ఉంది. భర్త బాలవీరయ్యతో 1434లో తిమ్మమ్మ సహగమనం చేసిందని, ఆ చితి గుంజ చిగిర్చి ఈ మర్రి అయిందని సంప్రదాయం. ఊడలు దిగి దిగి ఐదెకరాల దాకా పరుచుకుంది. 1989లో గిన్నెస్ పుస్తకానికి ఎక్కింది. పిల్లలు లేనివాళ్ళు మొక్కుకుంటారు. తెలుగు పల్లెల్లో పేరంటాలమ్మలుగా కొలువైన ఆడవాళ్ళు ఎందరో ఉన్నారు. కొందరు చితికెక్కినవాళ్ళు, కొందరు అన్యాయంగా చచ్చినవాళ్ళు. బతికున్నప్పుడు అడగని ఊరు, చచ్చాక చీరా సారె పెట్టి భయంతో కొలుస్తుంది. 1829లో బెంగాల్‌లో, మరుసటేడు మద్రాసులో సహగమనాన్ని నేరం చేశారు. చట్టం ఆ రాళ్ళను ఆపింది. కోరికలు మాత్రం ఇంకా ఆ చెట్టుకింద ముడుపులుగా కడుతూనే ఉన్నారు.

ఇక్కడి ముసల్మానులకూ హిందువులకూ చావును తలచుకునే కొన్ని తావులు ఉమ్మడివి. పెనుకొండ బాబయ్య దర్గాలో ఉరుసు జరిగితే పావగడ నుంచి కూడా జనం కదులుతారు. 680లో ఇరాకులోని కర్బలాలో చనిపోయిన హుసేను కోసం నార్పల మండలం గూగూడులో కుళ్ళాయప్ప పీర్లు లేస్తాయి. అక్కడ నిప్పుల గుండం తొక్కేవాళ్ళలో ఎక్కువమంది హిందువులే. పక్క ఊరి వీరుడికి నెత్తరుగొడగె ఇచ్చిన సీమకు, ఎడారిలో దాహంతో చచ్చిన వీరుడి బాధ అర్థం కావడానికి అనువాదం అక్కర్లేకపోయింది.

ఇక ఇల్లు. రాయచెర్లు వైపు పల్లెల్లో మనిషి పోతే చుట్టాలు మట్టికి వస్తారు. మూడోనాడు గుంతమీద పాలు పోస్తారు. పదకొండోనాడో, కులాన్ని బట్టి ఇంకోనాడో, దినాలు చేస్తారు. పెట్టిన ముద్దను కాకి ముట్టాలి. ముట్టకపోతే పోయినవాడి కోరిక ఏదో తీరలేదని ఇంటివాళ్ళు గుంజాటన పడతారు. కూతురి పెళ్ళి మేం చేస్తాం, అప్పు మేం తీరుస్తాం అని ఒక్కొక్కరే ముందుకొచ్చి చెబుతారు. ఆ మాటలు కాకికి చెప్పినట్టుంటుంది గానీ, నలుగురి ముందు బతికున్నవాళ్ళు పూచీ పడటం అది. శాస్త్రం తెలిసినవాళ్ళ ఇళ్ళలో పిండం మూడు తరాలకు పెడతారు: తండ్రి, తాత, ముత్తాత. నాలుగో తరం పేరు నోట్లోంచి జారిపోతుంది. వెయ్యేళ్ళ తరవాత కూడా నాగత్తరుడి పేరు మనం పలుకుతున్నామంటే అది రాతి వల్లే.

భాద్రపద బహుళ అమావాస్యకు ఊరంతా పెద్దలకు పెట్టుకుంటుంది. తెలంగాణలో పెత్రమాస అంటారు, ఆరోజే ఎంగిలిపూల బతుకమ్మ. కోస్తాలో సంక్రాంతికి పెద్దలకు బట్టలు పెడతారు. కన్నడ పల్లెల్లో మార్లమి. మనవైపు గోడవార కలశం పెట్టి, కొత్త పంచె, కొత్త చీర మడతపెట్టి ఉంచి, పోయినవాళ్ళకు ఏది ఇష్టమో అది వండుతారు. మాంసం తిన్నాయనకు మాంసం, బీడీ తాగినాయనకు బీడీ, కల్లు తాగిన అవ్వకు కల్లు. పెట్టి, తలుపు దగ్గరేసి, ఇంటిల్లిపాదీ బయట నిలబడతారు. స్వర్గంలో అమృతం దొరుకుతుందని వింటూనే, తాతకు రాగిముద్ద, వేటకూర మీద మనసు పోదని వీళ్ళకు తెలుసు. బ్రహ్మగిరి రాతిగదిలో కుండలు పెట్టిన చేతులకూ ఈ చేతులకూ మధ్య ఎన్ని మతాలు, ఎన్ని రాజ్యాలు వచ్చిపోయినా వంట మాత్రం ఆగలేదు.

1904లో రైస్ ఎపిగ్రాఫియా కర్ణాటికా 12వ సంపుటంలో పావగడ తాలూకా శాసనాలు అచ్చువేశాడు. అది రాత ఉన్న రాళ్ళ పట్టిక. బొమ్మ మాత్రమే ఉండి రాత లేని వీరగళ్ళకూ మాస్తికళ్ళకూ అందులో చోటు లేదు. పొలం గట్టుమీద, చెరువు కట్టమీద ఉన్న అలాంటి రాళ్ళు గట్టు చదును చేసినప్పుడు, రోడ్డు వెడల్పు చేసినప్పుడు ముందు పోతాయి. 28 ఏళ్ళ కౌలు ముగిసేసరికి, తాత గుంత ఏ చింత కిందో చెప్పగలిగిన ముసలివాళ్ళు ఊళ్ళో ఉండరు. కాబట్టి ఈ ఐదూళ్ళ చదువుకున్న పిల్లలకు నా మనవి: మీ అవ్వనో తాతనో వెంటపెట్టుకుని ఒక్కపూట తిరగండి. కనబడిన ప్రతి రాతినీ ఫోటో తీయండి, సర్వే నంబరు రాసుకోండి, ఆ రాతికి ఇంట్లో ఏ పేరుతో దణ్ణం పెడతారో రాసుకోండి. ఒక కాపీ పంచాయతీలో ఇవ్వండి.

యుద్ధంలో కాకుండా, చితిలో కాకుండా, తిండి మాని నెమ్మదిగా చావును పిలుచుకున్నవాళ్ళు కూడా ఈ సీమలో ఉన్నారు. సల్లేఖన వ్రతం పట్టిన జైనులు, వాళ్ళ నిషిధి రాళ్ళు, నిడుగల్లు కొండమీది చోళుల కోటలో వెలసిన పార్శ్వనాథుడి బసది సంగతులు వచ్చే భాగంలో.